గర్భంతో ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ల రక్త పరీక్షలు: ఏవి అడగాలి, ఎప్పుడు చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి

"టార్చ్ పాజిటివ్ వచ్చిందండీ, బిడ్డకి ఏమన్నా అవుతుందా?" ల్యాబ్‌లో రక్తం తీసే నన్ను వారానికి ఒకరిద్దరైనా అడిగే ప్రశ్న ఇది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి వస్తారు. పక్కన అత్తగారో అమ్మో ఉంటారు. టార్చ్ అంటే టాక్సోప్లాస్మా, రుబెల్లా లాంటి కొన్ని ఇన్ఫెక్షన్లను కలిపి చూసే రక్త పరీక్షల కట్ట. కాగితం తీసుకుని చూస్తే చాలాసార్లు అందులో కంగారు పడాల్సింది ఏమీ ఉండదు. అదే ఫైలు ఇంకాస్త తిరగేస్తే మాత్రం సిఫిలిస్ పరీక్ష చేసినట్టు ఎక్కడా కనబడదు. అక్కర్లేని పరీక్షకు వేలు పోసి, తప్పనిసరిగా చేయించాల్సిన చవక పరీక్షను వదిలేశారన్నమాట. ఇది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

తల్లి నుంచి బిడ్డకు సోకే ఇన్ఫెక్షన్లు చాలానే ఉన్నాయి. వాటిలో మన దేశంలో ప్రతి గర్భిణికీ చూడాల్సినవి మూడు: హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. ముందే తెలిస్తే ఈ మూడింటి నుంచీ బిడ్డను దాదాపుగా కాపాడుకోవచ్చు. ఈ మూడూ ఒంట్లో ఉన్నా తల్లికి ఏ లక్షణమూ లేకపోవచ్చు. "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- తల్లీబిడ్డల కార్డు. ఇంకా ఇవ్వకపోతే మీ ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎమ్‌నో అడగండి.
- పాత కాన్పుల, అబార్షన్ల కాగితాలు. ఎప్పుడైనా రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ తేదీ.
- మీరు వేయించుకున్న టీకాల వివరం, ముఖ్యంగా రుబెల్లా, హెపటైటిస్ బి.
- వాడుతున్న మాత్రల పేర్లు. జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కూడా చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని మెషీన్ల మీద ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఈ సంగతి ల్యాబ్ వాళ్లు అడగరు, మీరే చెప్పాలి.
- మీ సొంత ఫోన్ నంబరు. ఇంట్లో అందరూ ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వకండి. రిపోర్టు మెసేజ్ నేరుగా మీకే రావాలి.
- వీలైతే మీ ఆయన. ఎందుకో కింద చెప్తాను.

ఈ పరీక్షలకు పరగడుపున రావక్కర్లేదు. ఉదయం నుంచి ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చి, క్యూలో కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను చూశాను. ఇడ్లీయో అన్నమో తిని, నీళ్లు బాగా తాగి రండి. షుగర్ పరీక్ష కూడా అదే రోజు ఉంటే తినాలా వద్దా అని ముందు రోజే అడిగి పెట్టుకోండి.

1. నెల తప్పిందని తెలియగానే వెళ్లండి

మూడో నెల నిండేలోపు మొదటి పరీక్ష అయిపోవాలి. పీహెచ్‌సీలో, ఏరియా ఆస్పత్రిలో, జిల్లా ఆస్పత్రిలో ఈ పరీక్షలు ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు చూస్తారు. 2016 నుంచి నడుస్తోంది. మీ ఊళ్లో మామూలు రోజుల్లో డాక్టరు దొరకకపోతే ఆ తేదీ గుర్తు పెట్టుకోండి.

అయిదో నెలో ఆరో నెలో వచ్చేసిందా? సిగ్గుపడి మానుకోకండి, ఆ రోజే చేయించుకోండి. అసలు ఏ పరీక్షా లేకుండా నొప్పులతో వచ్చినా లేబర్ రూమ్‌లో వేలి చుక్కతో చేసే కిట్లు ఉంటాయి. అప్పుడు కూడా బిడ్డకు చేయగలిగింది ఉంటుంది.

2. పరీక్షలను పేరు పెట్టి అడగండి

మూడు పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి: హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష), వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష). వీడీఆర్‌ఎల్ బదులు ఆర్‌పీఆర్ అనో, సిఫిలిస్ ర్యాపిడ్ అనో రాసి ఉండొచ్చు. అదీ సరే. ప్రభుత్వ కేంద్రాల్లో హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే కిట్ మీద చూసే పద్ధతి కూడా ఉంది.

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ప్రైవేటులో "వైరల్ మార్కర్స్ అయిపోయాయమ్మా" అంటారు. వైరల్ మార్కర్స్ అంటే మామూలుగా హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్ సి. సిఫిలిస్ వైరస్ కాదు, బ్యాక్టీరియా. కాబట్టి ఆ ప్యాకేజీలో అది ఉండకపోవచ్చు. బిల్లులో వీడీఆర్‌ఎల్ అన్న మాట మీ కంటికి కనబడాలి. లేకపోతే విడిగా రాయించుకోండి. ఈ మూడింటిలో బహుశా అన్నిటికన్నా చవకైన పరీక్ష అదే.

3. రక్తం ఇచ్చేటప్పుడు

ఒక్కసారి గుచ్చితే చాలు, అన్ని ట్యూబులూ నింపుతారు. మీ కళ్ల ముందే ట్యూబు మీద పేరు, వయసు రాయమనండి. ఒకే రోజు నలుగురు లక్ష్ములు, ముగ్గురు సునీతలు వచ్చే చోట ఇంటిపేరుతో సహా రాయాలి. తర్వాత రాద్దామని ఖాళీ ట్యూబు పక్కన పెడితే "ఇప్పుడే రాయండి" అని గట్టిగా అడగండి. అలా అడిగేవాళ్ల మీద మాకు కోపం రాదు.

హెచ్‌ఐవీ పరీక్షకు ముందు కౌన్సెలర్ మాట్లాడి మీ ఒప్పుకోలు తీసుకోవాలి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెప్పేది అదే. ఫలితాన్ని గోప్యంగా ఉంచాలన్నదీ ఆ చట్టమే. వరండాలో అందరూ వినేలా చదివి వినిపిస్తే అది తప్పు, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

4. రిపోర్టు చేతికి తీసుకోండి

"ఏమన్నా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారులే" అని ఊరుకోకండి. రక్తం ఇచ్చి వెళ్లి రిపోర్టు తీసుకోని వాళ్లు బోలెడంత మంది. తెలంగాణలో పీహెచ్‌సీలో తీసిన రక్తం పరీక్ష కోసం జిల్లా హబ్‌కు వెళ్తుంటుంది. అక్కడి నుంచి ఫలితం రావడానికి కాస్త సమయం పడుతుంది. ఎప్పుడు రావాలో అడిగి కార్డు మీద రాయించుకోండి.

రాగానే ఇవి చూడండి: పేరు, వయసు మీవేనా? రక్తం తీసిన తేదీ ఉందా? మూడు పరీక్షలకూ విడివిడిగా ఫలితం ఉందా? ఏ పద్ధతిలో చేశారో రాశారా? ఫలితాలు తల్లీబిడ్డల కార్డులోకి ఎక్కాయా? ఆఖరిది చాలామంది మరిచిపోతారు. కాన్పు రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు చూసేది ఆ కార్డే.

5. రిపోర్టులో మాటలకు అర్థం

మొదట ఒక మాట. "రియాక్టివ్" అంటే మొదటి జల్లెడలో ఏదో తగిలిందని. జబ్బు ఉందని తేల్చిన మాట కాదు. రెండో పరీక్షతో ఖాయం చేసుకున్నాకే ఎవరికైనా చెప్పాలి, ఏ నిర్ణయమైనా తీసుకోవాలి. సిఫిలిస్ చికిత్స ఒక్కటే దీనికి మినహాయింపు, అది కింద చెప్తాను.

*హెచ్‌ఐవీ.* పీహెచ్‌సీ కిట్‌లో రియాక్టివ్ వస్తే ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రానికి పంపుతారు. అక్కడ వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూసి ఖాయం చేస్తారు. ఖాయమైతే అదే వారంలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) సెంటర్‌కు వెళ్లి మందులు మొదలుపెట్టాలి. అవి ఉచితం, జీవితాంతం వాడాలి. మందులు లేకపోతే పాలివ్వడం కూడా కలుపుకుని నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది. సరిగ్గా వాడితే అది 5 లోపుకు దిగిపోతుంది. ఇంత తేడా తెచ్చే మందు చేతికందేంత దూరంలో ఉంది. "ఆపరేషనే చేయాలి", "పాలివ్వకూడదు" అని చుట్టాలు చెప్పేవి నమ్మకండి. ఆ సంగతులు ఏఆర్‌టీ డాక్టరుతో మాట్లాడుకోండి. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 1097కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు.

నెగటివ్ వచ్చినా ఒక మెలిక ఉంది. ఈమధ్యే సోకి ఉంటే కిట్ పట్టుకోలేకపోవచ్చు. కిట్‌ను బట్టి ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా ఈ ఖాళీ ఉంటుంది. అనుమానం ఉంటే డాక్టరుకు చెప్పి మళ్లీ చేయించుకోండి.

*హెపటైటిస్ బి.* రెండు పేర్లు దగ్గర దగ్గరగా ఉండి జనాన్ని తికమక పెడతాయి. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉందని. యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే రక్షణ ఉందని, అది మంచి వార్త. పేరు చివర "ఏజీ" ఉందా, ముందు "యాంటీ" ఉందా చూసుకోండి. మరోటి, హెపటైటిస్ టీకా వేయించుకున్న రెండు మూడు వారాల్లో రక్తం ఇస్తే ఆ టీకా వల్లే హెచ్‌బీఎస్‌ఏజీ కొద్దిగా కనబడొచ్చు. నర్సింగ్ చదివే అమ్మాయిలు ఇది గుర్తుంచుకోవాలి.

హెచ్‌బీఎస్‌ఏజీ ఖాయమైతే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, చేయించాలి. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే ఏడో నెల నుంచి టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. బిడ్డ పుట్టిన వెంటనే, 24 గంటలు దాటకుండా టీకా వేయాలి. దానితోపాటు రెండో తొడకు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్, వీలైతే 12 గంటల లోపు. ఈ ఇంజెక్షన్ ప్రతి ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఉండదు. కాన్పు రాత్రి రెండింటికి మందుల షాపుల చుట్టూ తిరిగే బదులు ఏడో నెలలోనే "మీ దగ్గర ఉందా, లేకపోతే ఎక్కడ దొరుకుతుంది?" అని అడగండి. ఇవి రెండూ పడితే బిడ్డకు పాలివ్వొచ్చు.

*సిఫిలిస్.* వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ వస్తే దాని పక్కన 1:4, 1:16 లాంటి అంకె ఉండాలి. లేకపోతే ల్యాబ్‌ను అడిగి వేయించుకోండి. మందు పనిచేసిందా లేదా తెలిసేది ఆ అంకెతోనే. కొన్నిసార్లు గర్భం వల్లో, లూపస్ లాంటి వేరే జబ్బుల వల్లో వీడీఆర్‌ఎల్ ఉత్తినే రియాక్టివ్ చూపిస్తుంది. అందుకే టీపీహెచ్‌ఏ అనే రెండో పరీక్ష చేస్తారు. కానీ అది వచ్చేదాకా చికిత్స ఆపొద్దు. గర్భిణికి ఆలస్యం కన్నా అనవసరపు ఇంజెక్షనే మేలు. సిఫిలిస్‌కు చికిత్స లేకపోతే సగానికి పైగా గర్భాల్లో ఏదో ఒక నష్టం జరుగుతుంది. బిడ్డ కడుపులోనే పోవడం, నెలలు నిండకుండా పుట్టడం, జబ్బుతో పుట్టడం.

మందు బెంజథీన్ పెన్సిలిన్. 24 లక్షల యూనిట్లు పిరుదుకు ఇంజెక్షన్. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. మొదటి ఇంజెక్షన్ కాన్పుకు కనీసం 30 రోజుల ముందు పడాలి. పెన్సిలిన్ పడదంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి, ఆస్పత్రిలో ఉంచి మెల్లమెల్లగా అలవాటు చేసి ఇచ్చే పద్ధతి ఉంది. అజిత్రోమైసిన్ లాంటి బదులు మాత్రలు బిడ్డదాకా నమ్మకంగా చేరవు. ఇంజెక్షన్ వేసిన రోజు రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, ఒక రోజులో తగ్గుతాయి. బిడ్డ కదలిక తగ్గినట్టుంటే, నొప్పులు మొదలైతే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

తర్వాత అంకె తగ్గుతోందా చూడాలి. 1:32 కాస్తా 1:8కి దిగితే పని జరిగినట్టు. 1:32 నుంచి 1:16 అంటే లెక్కలోకి రాదు, అంత తేడా పరీక్షలోనే వస్తుంది. రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో ఒకే పద్ధతిలో చేయించండి. టీపీహెచ్‌ఏ మాత్రం నయమయ్యాక కూడా పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు. దాన్ని చూసి "మందు పనిచేయలేదు" అనుకోవద్దు.

6. మీ ఆయనకూ పరీక్ష

మీ ఒక్కరికే చికిత్స చేసి ఆయన్ని వదిలేస్తే సిఫిలిస్ మళ్లీ మీకు వస్తుంది. పెన్సిలిన్ వేయించుకున్న తల్లి ఏడో నెలలో మళ్లీ ఎక్కువ అంకెతో రావడం నేను చూశాను. ఈ విషయంలో ఎవరు ఎవరికి తెచ్చారన్న గొడవ మొదలైతే పరీక్ష ఆగిపోతుంది. కౌన్సెలర్‌తో కలిసి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇంట్లో మీకు దెబ్బల భయం ఉంటే కౌన్సెలర్‌కు ముందుగా ఒంటరిగా చెప్పండి.

7. ఏడో నెలలో మళ్లీ, పుట్టింటికి వెళ్లే ముందు

మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో. హైదరాబాద్‌లో పరీక్షలు, శ్రీకాకుళంలో కాన్పు. ఫైలు మాత్రం అత్తగారింటి బీరువాలో. ఎన్ని కేసుల్లో ఇదే జరుగుతుందో! సీమంతం చీరలు సర్దేటప్పుడే ఫైలు కూడా పెట్టెలో పెట్టండి. అన్ని రిపోర్టులూ ఫోన్‌లో ఫొటో తీసి మీకే వాట్సాప్ చేసుకోండి. రిపోర్టు దొరకలేదంటే అక్కడ మళ్లీ చేస్తారు, కానీ సిఫిలిస్ పాత అంకె పోతే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

28 నుంచి 32 వారాల మధ్య సిఫిలిస్, హెచ్‌ఐవీ మరోసారి చేయాలా అని అడగండి. మీ ఆయన దూరప్రాంతాల్లో పనిచేసి వస్తుంటే, మధ్యలో ఏదైనా సుఖవ్యాధి లక్షణం కనబడితే తప్పక చేయించుకోండి.

8. టార్చ్ గురించి

టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్, ఇంకొన్ని కలిపిన కట్ట ఇది. ఆరోగ్యంగా ఉన్న ప్రతి గర్భిణికీ ఇది చేయాల్సిన పని లేదు. స్కానింగ్‌లో బిడ్డ తలలోనో కడుపులోనో తేడా కనబడినప్పుడు, మీకు దద్దుర్లతో జ్వరం వచ్చినప్పుడు అర్థం ఉంటుంది. ఊరికే రాస్తే "దీని ఫలితం ఎలా వచ్చినా మీరు చేసేది ఏమైనా మారుతుందా డాక్టరుగారూ?" అని మర్యాదగా అడగండి. సరైన కారణం ఉంటే వాళ్లే చెప్తారు.

చేయించేశారా? ఇలా చదవండి. ఐజీజీ, ఐజీఎం అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే రెండు రకాల యాంటీబాడీలు. ఐజీఎం మామూలుగా ముందు వస్తుంది, ఐజీజీ తర్వాత వచ్చి నిలిచిపోతుంది.

- ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్: ఎప్పుడో వచ్చి పోయింది, లేదా టీకా వల్ల రక్షణ వచ్చింది. రుబెల్లాలో ఇది మనకు కావాల్సిన ఫలితం. ఏడుస్తూ వచ్చే వాళ్లలో ఎక్కువ మంది కాగితం ఇదే.
- రెండూ నెగటివ్: ఇంతవరకు రాలేదు, రక్షణ కూడా లేదు. రుబెల్లా టీకా గర్భంలో వేయకూడదు. కాన్పయ్యాక వేయించుకోండి, తర్వాత కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోండి.
- ఐజీఎం పాజిటివ్: ఆగండి. దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ తేల్చకూడదు. ఉత్తినే పాజిటివ్ రావడం మామూలే. టాక్సోప్లాస్మా ఐజీఎం ఏడాదికి పైగా కూడా ఉండిపోతుంది. అదే ల్యాబ్‌లో రెండు మూడు వారాలకు మళ్లీ చేయించి, పాత అంకెతో పోల్చాలి. దానితోపాటు ఐజీజీ ఎవిడిటీ అనే పరీక్ష. ఐజీజీ ఎంత గట్టిగా అంటుకుంటుందో చూసి, ఇన్ఫెక్షన్ పాతదా కొత్తదా అని అంచనా వేసేది ఇది. మొదటి మూడు నెలల్లో ఎవిడిటీ ఎక్కువగా వస్తే ఇన్ఫెక్షన్ గర్భానికి ముందుదే అయ్యుంటుంది.

ఒక్క ఐజీఎం కాగితం చూసి గర్భం తీయించుకుందామనే మాట ఇంట్లో ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. బిడ్డకు సోకిందో లేదో తేల్చడానికి ఉమ్మనీటి పరీక్ష ఉంది, అది ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డను చూసే) డాక్టరు చేయాల్సిన పని. హెర్పిస్ ఐజీజీ పాజిటివ్‌ను పట్టించుకోవద్దు, పెద్దవాళ్లలో చాలామందికి వస్తుంది. గతంలో అబార్షన్లు అయ్యాయని ప్రతిసారీ టార్చ్ చేసి, పాజిటివ్ అంటూ నెలల తరబడి మాత్రలు వాడించడం కూడా నా మనసుకు బాధ కలిగిస్తుంది. ఐజీజీకి మందు అక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు రుబెల్లా ఐజీజీ, హెపటైటిస్ సి మామూలు లిస్టులోనే ఉంటాయి. అక్కడి కాగితం చూసి ఇక్కడి అమ్మలు కంగారు పడొద్దు.

9. మధ్యలో దద్దుర్లతో జ్వరం వస్తే, ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే

వేచి చూడకండి. మీకు చిన్నప్పుడు చికెన్‌పాక్స్ రాలేదని తెలిస్తే, దగ్గరగా మసలిన పది రోజుల్లోపు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఉంది. ముందు ఫోన్ చేసి చెప్పి వెళ్లండి, వెయిటింగ్ హాల్లో ఇతర గర్భిణుల మధ్య కూర్చోవద్దు. దద్దుర్ల ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టరు చూసేటప్పటికి పోవచ్చు.

10. బిడ్డ పుట్టాక చేయించాల్సినవి

తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉంటాయి. అందుకే మామూలు హెచ్‌ఐవీ యాంటీబాడీ పరీక్ష 18 నెలల లోపు పాజిటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డకు ఉందని కాదు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు ఆరు వారాలకు మడమ నుంచి రక్తపు చుక్క తీసి, కాగితం మీద ఆరబెట్టి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. ఆ తర్వాత పిలిచిన ప్రతిసారీ వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా బిడ్డకు ఇచ్చిన సిరప్ చెప్పినన్ని వారాలు పూర్తిగా వేయండి.

సిఫిలిస్ ఉన్న తల్లి బిడ్డకు రక్తం బిడ్డ నరం నుంచే తీయమనండి. బొడ్డుతాడులో తల్లి రక్తం కలిసి తప్పు ఫలితం వస్తుంది. బిడ్డ అంకె, మీ అంకె పక్కపక్కన పెట్టి చూడాలి.

హెపటైటిస్ బి ఉన్న తల్లి బిడ్డకు 6, 10, 14 వారాల టీకాలు ఒక్కటీ తప్పకూడదు. తొమ్మిది నెలలు నిండాక హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ రెండూ చేయించండి. అంతకు ముందు చేస్తే పుట్టినప్పుడు వేసిన ఇంజెక్షనే రక్షణలా కనబడి మోసం చేస్తుంది. ఆ రోజు కాగితంలో మొదటిది నెగటివ్, రెండోది పాజిటివ్ ఉండాలి.